స్విచ్ వెనకున్న విమానం: ఇంటి సిమ్యులేటర్‌కి ఎయిర్‌లైనర్ యాడ్-ఆన్ తయారుచేసి విడుదల చేయడం ఎలా

ఎయిర్‌బస్ ఎ320 ఎక్కినవాళ్లలో చాలామందికి ఒక శబ్దం గుర్తుంటుంది. గేటు నుంచి కదిలాక, రెండో ఇంజన్ స్టార్ట్ అయ్యే వేళ, కాళ్ల కింద ఎక్కడో కుక్క మొరుగుతున్నట్టు, ఎవరో రంపంతో కోస్తున్నట్టు ఆగి ఆగి వినిపిస్తుంది. అది పీటీయూ, అంటే పవర్ ట్రాన్స్‌ఫర్ యూనిట్. విమానంలో ఉన్న మూడు హైడ్రాలిక్ వ్యవస్థల్లో గ్రీన్, యెల్లో అని రెండుంటాయి. వాటి ప్రెషర్ల మధ్య తేడా 500 పీఎస్ఐ దాటితే పీటీయూ తనంతట తాను తిరగడం మొదలుపెట్టి, బలంగా ఉన్న వైపు శక్తితో నీరసంగా ఉన్న వైపు ప్రెషర్ పెంచుతుంది.

దీన్ని సిమ్యులేటర్‌లో చూపించడానికి రెండు దారులున్నాయి. రెండో ఇంజన్ మాస్టర్ స్విచ్ ఆన్ కాగానే రికార్డు చేసిన శబ్దం వదలడం ఒకటి. అరగంట పని. రెండు వ్యవస్థల ప్రెషర్‌నీ క్షణక్షణం లెక్కగట్టి, తేడా 500 దాటినప్పుడే పీటీయూని తిప్పి, అది తిరిగినంతసేపే శబ్దం వినిపించడం రెండోది. దానికి వారాలు పడుతుంది. వీడియోలో చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. కానీ వాడేవాడు తల పైనున్న ప్యానెల్ మీద పీటీయూ ఆఫ్ చేసి ఇంజన్ స్టార్ట్ చేశాడనుకోండి, మొదటి దారి పట్టినవాడి గుట్టు అక్కడే రట్టవుతుంది.

సిమ్యులేటర్‌కి విడిగా చేర్చుకునే విమానం (యాడ్-ఆన్) తయారుచేసేవాళ్ల కోసం రాసిన ఈ వ్యాసమంతా రెండో దారి గురించే. ఎన్ని స్విచ్‌లు కదులుతున్నాయన్నది నాకు లెక్కలేదు. ఒక స్విచ్ కదిపితే దాని వెనక ఏం కదిలిందన్నదే లెక్క.

ముందు ఒక్క విమానం ఎంచుకోండి. నిజంగా ఒక్కటే.

"ఎ320 చేస్తున్నా" అంటే సరిపోదు. ఏ ఎ320? ఎ320-214లో సీఎఫ్ఎం56 ఇంజన్లు ఉంటాయి, వాటి థ్రస్ట్‌ని (నెట్టే బలాన్ని) ఎన్1తో, అంటే ముందున్న ఫ్యాన్ తిరిగే వేగంతో చూస్తారు. ఎ320-232లో ఉండే వీ2500 ఇంజన్లకు ఈపీఆర్, అంటే ఇంజన్ వెనకా ముందూ ఉండే ప్రెషర్ల నిష్పత్తి చూస్తారు. ఇంజన్ మారిందంటే తెర మీద గేజ్, స్టార్ట్ అయ్యే తీరు, శబ్దం, ఇంధన ఖర్చు, అన్నీ మారతాయి. పెట్టెలో నాలుగు వేరియంట్లు పెడితే నాలుగు రెట్లు గొప్పగా ఉంటుందని మొదట్లో అందరికీ అనిపిస్తుంది, నాకూ అనిపించింది. నాలుగు రెట్లు బగ్‌లు మాత్రం గ్యారంటీగా వస్తాయి. ఒక మోడల్, ఒక ఇంజన్, ఒక బరువు సర్టిఫికేషన్ తీసుకుని కాగితం మీద రాసి గోడకి అంటించండి.

సిమ్ విషయంలోనూ అంతే. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో (2020లో ఒకటి, 2024లో ఒకటి వచ్చాయి) వ్యవస్థల కోడ్‌ని సీ++ లాంటి భాషలో రాసి వెబ్‌అసెంబ్లీగా మార్చి పెడతారు. కాక్‌పిట్ తెరల్ని ఎక్కువగా హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్‌తో గీస్తారు. ఎక్స్-ప్లేన్ దారి వేరు. రెక్కని చిన్న చిన్న ముక్కలుగా కోసి ఒక్కో ముక్క మీద గాలి బలం ఎంతో లెక్కగడుతుంది. దానికి విమానం ఆకారం ఇచ్చే ప్లేన్ మేకర్ అనే ఉపకరణం సిమ్‌తోపాటే వస్తుంది. విమానం లోపలి విలువలన్నిటినీ డేటారెఫ్‌ల రూపంలో చదవచ్చు, చాలావాటిని మార్చవచ్చు. కోడ్ రాయడం తెలిసి త్రీడీ అంతగా రానివాళ్లకి మొదటి అడుగు అక్కడ తేలిక. పూర్తిగా తెరిచిన కోడ్ చదివి నేర్చుకోవాలంటే ఫ్లైట్‌గేర్ ఉంది. రెండు సిమ్‌లకీ ఒకేసారి చేస్తానని మాత్రం పూనుకోకండి.

ఇంకో మాట. మొదటి ప్రాజెక్టుగా సున్నా నుంచి విమానం కట్టక్కర్లేదు. ఫ్లైబైవైర్ బృందం చేసిన ఎ32ఎన్ఎక్స్ 2020లో సిమ్‌తో వచ్చిన ఎ320నియోని మెరుగుపరిచే ఉచిత పనిగానే మొదలైంది. ఎక్స్-ప్లేన్‌లో జిబో 737 కూడా సిమ్‌తో వచ్చే 737-800 మీద కట్టిందే. అలాంటి బృందంలో చేరి ఆరు నెలలు బగ్‌లు సరిచేస్తే, ఒంటరిగా రెండేళ్లు తల బాదుకుని నేర్చుకునేదానికంటే ఎక్కువే వంటబడుతుంది.

అంకెలు పోగుచేయడం

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. విచిత్రమేమిటంటే చాలామంది దొంగచాటు మాన్యువళ్ల కోసం వెతుకుతారు గానీ, అందరికీ ఉచితంగా దొరికే కాగితాల జోలికి పోరు.

మొదటిది టైప్ సర్టిఫికేట్ డేటా షీట్, అంటే ఒక విమాన మోడల్‌ని ఆమోదిస్తూ విమానయాన నియంత్రణ సంస్థ ఇచ్చే పత్రం. 737కి అమెరికా ఎఫ్ఏఏ ఇచ్చినదాని నంబరు ఎ16డబ్ల్యూఈ. ఎ320 కుటుంబానికి యూరప్ ఈఏఎస్ఏ ఇచ్చింది ఈఏఎస్ఏ.ఎ.064. గరిష్ఠ బరువులు, వేగ పరిమితులు, ట్యాంకుల సామర్థ్యం, గురుత్వ కేంద్రం హద్దులు అన్నిటికీ మూలం అక్కడే. రెండోది విమానాశ్రయాల ప్లానింగ్ కోసం బోయింగ్, ఎయిర్‌బస్ సంస్థలే బయటపెట్టే పుస్తకాలు. చక్రాల మధ్య దూరం, మలుపు వ్యాసార్థం, తలుపుల ఎత్తు, ఎంత బరువుతో ఎంత దూరం వెళ్లగలదో చూపే గ్రాఫులు అందులో ఉంటాయి. త్రీడీ మోడల్ చేసేవాళ్లకి అది బంగారం.

మూడోది చాలామందికి తట్టనే తట్టదు: ఐసీఏఓ (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) ఇంజన్ ఉద్గారాల డేటాబ్యాంక్. కాలుష్యం లెక్కల కోసం పెట్టిందే, కానీ అందులో ప్రతి ఇంజన్‌కీ 100, 85, 30, 7 శాతం థ్రస్ట్ దగ్గర సెకనుకి ఎన్ని కిలోల ఇంధనం తాగుతుందో రాసి ఉంటుంది. నేల మీద, సముద్రమట్టం దగ్గర మీ ఇంజన్ ఈ నాలుగు బిందువుల మీదుగా పోతే సగం గండం గడిచినట్టే.

ఆ తర్వాత కాక్‌పిట్ వీడియోలు. వాటిని సరదాకి చూడకండి, స్టాప్‌వాచ్ పట్టుకుని చూడండి. ఫ్లాప్స్ ఒక స్థానం నుంచి ఇంకోదానికి కదలడానికి ఎన్ని సెకన్లు? గేర్ లివర్ ఎత్తాక ఎర్రలైట్లు ఆరడానికి ఎంతసేపు? స్టార్ట్‌లో ఎన్2 (ఇంజన్ లోపలి కోర్ తిరిగే వేగం) ఇరవై శాతం నుంచి యాభైకి ఎంతలో వెళ్లింది? ఒకే దృశ్యం అయిదు వేర్వేరు వీడియోల్లో కొలిచి, మధ్యది తీసుకోండి.

ఎయిర్‌లైన్ మాన్యువళ్లు కాపీరైట్ ఉన్నవి. వాటిలోని ఒక విషయం తెలుసుకోవడం వేరు, ఆ వాక్యాల్నీ బొమ్మల్నీ మీ పీడీఎఫ్‌లోకి ఎత్తిపోయడం వేరు. రెండోది మీ కొంప ముంచుతుంది. మీ మాన్యువల్ మీ మాటల్లో రాయండి, బొమ్మలు మీరే గీయండి.

మనుషుల సంగతికొస్తే, పైలట్ల కంటే మెయింటెనెన్స్ ఇంజనీర్లు ఎక్కువ పనికొస్తారని నా అనుభవం. పైలట్‌కి స్విచ్ తెలుసు. ఇంజనీర్‌కి స్విచ్ వెనక ఉన్న రిలే తెలుసు. అయితే అడిగే తీరు ముఖ్యం. "ఇది సరిగ్గా ఉందా?" అని అడిగితే మర్యాదకి "బాగుంది" అంటారు. "ఈ పంపు ఆపితే మొదటి అయిదు సెకన్లలో ఏ తెర మీద ఏం కనిపిస్తుంది?" అని అడిగితే అప్పుడు అసలు సంగతి బయటికొస్తుంది.

పోగుచేసిన ప్రతి అంకెనీ ఒక స్ప్రెడ్‌షీట్‌లో వేసుకోండి. విలువ, యూనిట్, ఎక్కడినుంచి వచ్చింది, ఎంత నమ్మకం, ఈ నాలుగు నిలువు గళ్లు చాలు. రెండేళ్ల తర్వాత ఎవరో వచ్చి "మీ ఫ్లాప్స్ నెమ్మది" అన్నప్పుడు ఆ నాలుగో గడి మిమ్మల్ని కాపాడుతుంది.

బొమ్మ కంటే ముందు వ్యవస్థలు

అందరూ బ్లెండర్ తెరిచి ముక్కు భాగం చెక్కడంతో మొదలుపెడతారు. మూడు నెలలకి అందమైన స్క్రీన్‌షాట్ వస్తుంది, నాలుగో నెలలో ప్రాజెక్టు అటకెక్కుతుంది. నేనైతే బూడిదరంగు డబ్బాల్లాంటి కాక్‌పిట్‌తో, లేదా సిమ్‌లో ఉన్న మరో విమానం కాక్‌పిట్‌ని అరువు తెచ్చుకుని, కరెంటుతో మొదలుపెడతాను.

ఎందుకు కరెంటు? అన్నిటికీ అదే తల్లివేరు కాబట్టి. ఎయిర్‌లైనర్‌లో జనరేటర్లు 115 వోల్టుల, 400 హెర్ట్జ్ ఏసీ ఇస్తాయి. అది బస్‌లలోకి (కరెంటు పంచే ప్రధాన లైన్లలోకి) వెళ్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ రెక్టిఫైయర్లు దాన్ని 28 వోల్టుల డీసీగా మారుస్తాయి. దీన్ని కోడ్‌లో గొలుసులా కట్టుకోండి: మూలం, కాంటాక్టర్ (కరెంటు కలిపి తెంచే పెద్ద స్విచ్), బస్, వాడేది. ప్రతి తెర, ప్రతి పంపు, ప్రతి లైటు ఒకే ప్రశ్న అడగాలి, "నా బస్‌లో కరెంటుందా?" అని. "బ్యాటరీ స్విచ్ ఆన్ అయితే ఈ తెర వెలిగించు" అని ఎక్కడా రాయకండి. ఒక్కచోట అలా రాస్తే, తర్వాత జనరేటర్ ఫెయిల్యూర్ పెట్టినప్పుడు ఇరవై చోట్ల అతుకులు వేయాల్సి వస్తుంది. గొలుసు సరిగ్గా కడితే మాత్రం ఫెయిల్యూర్లు ఊరికే వచ్చిపడతాయి. ఒక కాంటాక్టర్ తెరిచేస్తే ఏవి ఆరిపోవాలో అవే ఆరిపోతాయి.

ఒక చిన్న పరీక్ష. ఎ320లో విమానం పూర్తిగా ఆపి ఉన్నప్పుడు పైలట్ మొదట చేసే పనుల్లో బ్యాటరీల వోల్టేజి చూడటం ఒకటి. 25.5 కంటే తక్కువుంటే గ్రౌండ్ పవర్ తగిలించి 20 నిమిషాలు చార్జ్ చేయాలి. మీ సిమ్‌లో ఎవరైనా బ్యాటరీలు ఆన్‌లో వదిలేసి పక్కకెళ్లి గంట తర్వాత వస్తే ఏమవుతుంది? ఏమీ కాకపోతే మీ బ్యాటరీ ఉత్త బొమ్మ.

కరెంటు తర్వాత ఇంధనం, ఏపీయూ (తోకలో ఉండే చిన్న సహాయక ఇంజన్), బ్లీడ్ ఎయిర్ (ఇంజన్ల నుంచి, ఏపీయూ నుంచి తీసుకునే ఒత్తిడి గాలి), హైడ్రాలిక్స్, ఆ తర్వాత ఇంజన్ స్టార్ట్. ఈ వరుస ఎందుకో స్టార్ట్ దృశ్యం చూస్తే తెలుస్తుంది. 737-800లో ఏపీయూ గాలి స్టార్టర్‌ని తిప్పుతుంది, ఎన్2 సుమారు 25 శాతం చేరాక ఫ్యూయల్ లివర్ ఎత్తుతారు, మంట అంటుకుంటుంది, ఈజీటీ (ఇంజన్ వదిలే వాయువుల వేడి) పైకి లేస్తుంది, 56 శాతం దగ్గర స్టార్టర్ తప్పుకుంటుంది. స్టార్ట్‌లో ఈజీటీ 725 డిగ్రీలు దాటకూడదు. వాడేవాడు తొందరపడి ఎన్2 పన్నెండు దగ్గరే లివర్ ఎత్తితే? గాలి చాలదు, ఈజీటీ ఎగబాకాలి, హాట్ స్టార్ట్ కావాలి. దీనికోసం ప్రత్యేకంగా "హాట్ స్టార్ట్" అనే ఫంక్షన్ రాయక్కర్లేదు. గాలి, ఇంధనం, వేడి మధ్య లెక్క నిజాయితీగా ఉంటే దానంతటదే వస్తుంది. అది మొదటిసారి నా తెర మీద నేను అనుకోకుండా వచ్చినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఇక్కడే నేను తిన్న ఒక దెబ్బ గురించి చెప్పాలి. ఆటోపైలట్ రాశాను. ఎత్తు పట్టుకోవడం, వేగం పట్టుకోవడం నా కంప్యూటర్‌లో వెన్నలా సాగింది. పరీక్షించేవాళ్లకి పంపితే ఒకాయన వీడియో పెట్టాడు. విమానం ముక్కు అలల మీద పడవలా లేస్తూ పడుతూ పోతోంది. మూడు రోజులు గెయిన్లు (ఆటోపైలట్ ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే అంకెలు) మార్చి మార్చి చూశాను. తప్పు అక్కడ లేదు. నాకు సెకనుకి 60 ఫ్రేములు వస్తున్నాయి, ఆయనకి 22. నేను ప్రతి ఫ్రేముకీ ఒకసారి లెక్క వేస్తున్నా, మధ్యలో ఎంత సమయం గడిచిందో పట్టించుకోలేదు. పరిష్కారం చిన్నదే. గడిచిన సమయాన్ని ఒక గిన్నెలో పోసుకుంటూ, 0.02 సెకను నిండినప్పుడల్లా ఒక అడుగు లెక్క వేయాలి. ఫ్రేము ఆలస్యమైతే రెండు మూడు అడుగులు వరసగా వేయాలి. ఇంజన్, హైడ్రాలిక్స్, ఆటోపైలట్ అన్నీ ఈ స్థిరమైన అడుగు మీదే నడపండి. సిమ్‌ని పాజ్ చేసినప్పుడు, నాలుగు రెట్ల వేగంతో నడిపినప్పుడు కూడా ఇదే కాపాడుతుంది.

ఎగిరే తీరు

ఫ్లైట్ మోడల్‌ని "చేతికి బాగుంది" అనిపించేదాకా తిప్పుతూ కూర్చునేవాళ్లని చూశాను. ఎయిర్‌లైనర్ నడపని మన చేతికి ఏది బాగుంటుందో దానికి విలువ లేదు. కొలిచి కుదర్చాలి, అదీ ఒక వరుసలో: కొలతలు, బరువు, జడత్వం, డ్రాగ్ (గాలి నిరోధం), ఇంజన్, చివరగా కంట్రోళ్లు. ఒకటి కుదరకుండా దాని తర్వాతది ముట్టుకోకండి.

యూనిట్ల దగ్గర జాగ్రత్త. మైక్రోసాఫ్ట్ సిమ్‌లో బరువులు పౌండ్లలో, దూరాలు అడుగుల్లో, జడత్వం స్లగ్-చదరపు అడుగుల్లో ఉంటాయి. 737-800 గరిష్ఠ టేకాఫ్ బరువు 1,74,200 పౌండ్లు, అంటే దాదాపు 79,000 కిలోలు. ఒక కిలోగ్రామ్-చదరపు మీటరు విలువని అలాగే స్లగ్‌ల గడిలో వేస్తే విమానం ఒరగడానికి ఓడలా బద్ధకిస్తుంది. ఒక స్లగ్-చదరపు అడుగు అంటే 1.3558 కిలోగ్రామ్-చదరపు మీటర్లు. ఈ అంకె కీబోర్డు పక్కనే రాసిపెట్టుకోండి.

పరీక్షలకి ముందు వాతావరణం ప్రామాణికంగా పెట్టండి: సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలు, 1013.25 హెక్టోపాస్కల్స్, గాలి సున్నా. సిమ్‌లో నిజ వాతావరణం పెట్టుకుని కొలతలు తీయడం కదిలే బస్సులో దారం ఎక్కించడం లాంటిది. తర్వాత ఈ మూడు చూడండి.

క్రూజ్‌లో: 35,000 అడుగుల్లో, మాక్ 0.78 దగ్గర, మధ్యస్థ బరువుతో, సీఎఫ్ఎం ఇంజన్ల ఎ320 రెండు ఇంజన్లకి కలిపి గంటకి సుమారు 2,400 కిలోలు తాగుతుంది. మీది 3,000 చూపిస్తుంటే డ్రాగ్ ఎక్కువైంది, లేదా ఇంజన్ పట్టిక తప్పు. ఏదో తేల్చడానికి ఎన్1 చూడండి. ఎన్1 కూడా ఎక్కువుంటే డ్రాగ్. ఎన్1 సరిగ్గా ఉండి ఇంధనం ఒక్కటే ఎక్కువైతే ఇంజన్ పట్టిక.

దిగేటప్పుడు: థ్రస్ట్ ఐడిల్‌లో పెట్టి దిగితే వెయ్యి అడుగులకి మూడు నాటికల్ మైళ్లు అన్నది పైలట్ల నోటి లెక్క. 35,000 అడుగుల నుంచి నూరు మైళ్ల పైచిలుకు. మీ విమానం అరవై మైళ్లలోనే కిందపడితే రాయి, రెండొందల మైళ్లు తేలితే గ్లైడర్.

ఇంకొకటి నాకు చాలా ఇష్టమైన పరీక్ష. 737-800లో వేగం చూపే పరికరాలు మొరాయిస్తే పైలట్లు జ్ఞాపకం నుంచి చేసే పని ఒకటుంది: ఫ్లాప్స్ లోపల ఉంటే పిచ్ (ముక్కు పైకెత్తిన కోణం) 4 డిగ్రీలు, ఎన్1 75 శాతం. ఫ్లాప్స్ బయట ఉంటే 10 డిగ్రీలు, 80 శాతం. ఇలా పెడితే విమానం స్టాల్ అవకుండా, వేగం హద్దు దాటకుండా ఉంటుంది. మీ మోడల్‌లో ఈ రెండు జంటలూ పెట్టి చేతులు కట్టుకుని చూడండి. అది సురక్షితంగా ఎగరకపోతే, మిగతా అంకెలు ఎంత బాగున్నా ఎక్కడో పునాది వంకర.

ఎయిర్‌బస్ చేస్తుంటే ఇంకో పొర ఉంది. జాయ్‌స్టిక్‌ని ఎలివేటర్‌కి నేరుగా కట్టేస్తే అది ఎయిర్‌బస్ కాదు. నార్మల్ లాలో (అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు ఎయిర్‌బస్ కంప్యూటర్లు నడిపే పద్ధతిలో) స్టిక్‌ని ముందుకీ వెనక్కీ కదిపితే ఎన్ని జీలు (గురుత్వ బలానికి ఎన్ని రెట్లు) కావాలో అడిగినట్టు, పక్కలకి కదిపితే ఒరిగే వేగం అడిగినట్టు. అది గరిష్ఠంగా సెకనుకి 15 డిగ్రీలు. స్టిక్ పూర్తిగా పక్కకి పట్టినా 67 డిగ్రీలు దాటదు, వదిలేస్తే 33కి తిరిగొస్తుంది. దిగే వేళ ఇంకా చిన్న చిత్రముంది. రేడియో ఎత్తు 50 అడుగుల దగ్గర కంప్యూటర్ ఆ క్షణపు పిచ్‌ని గుర్తుపెట్టుకుంటుంది, 30 అడుగుల నుంచి ముక్కుని 8 సెకన్లలో 2 డిగ్రీల కిందికి మెల్లగా దించడం మొదలుపెడుతుంది. అందుకే పైలట్ స్టిక్ వెనక్కి లాగాల్సి వస్తుంది, మామూలు విమానంలో ఫ్లేర్ చేసినట్టే (నేల తాకే ముందు ముక్కు ఎత్తినట్టే) అనిపిస్తుంది. ఇది పెట్టని ఎ320 యాడ్-ఆన్‌లో ల్యాండింగ్ ఎప్పుడూ గాల్లో తేలుతున్నట్టుంటుంది, ఎందుకో వాడేవాళ్లకి అర్థం కాదు.

ఎఫ్ఎంఎస్ అనే ఊబి

ఎఫ్ఎంఎస్ అంటే విమానం మార్గాన్ని లెక్కగట్టి నడిపించే కంప్యూటర్. కాక్‌పిట్‌లో కీబోర్డుతో ఉండే దాని చిన్న తెర 14 వరుసలు, వరుసకి 24 అక్షరాలు. అంతే. దాన్ని గీయడం ఒక సాయంత్రం పని. దాని వెనకున్న మార్గ గణితానికి ఒక ఏడాది పక్కన పెట్టుకోండి.

ప్రపంచంలోని విమాన మార్గాల డేటా ఏరింక్ 424 అనే పద్ధతిలో ఉంటుంది. అందులో లెగ్‌లు (మార్గంలోని ముక్కలు) 23 రకాలు. ఒక బిందువు నుంచి ఇంకో బిందువుకి తిన్నగా వెళ్లడం, ఉన్నచోటునుంచి నేరుగా ఒక బిందువుకి వెళ్లడం, ఒక కోర్సు పట్టుకుని బిందువుకి చేరడం, ఈ మూడు ముందు చేయండి. ఎత్తు చేరేదాకా హెడింగ్ పట్టుకుని వెళ్లే లెగ్ వచ్చేసరికి అసలు సమస్య ఎదురవుతుంది. అది ఎక్కడ ముగుస్తుందో మ్యాప్‌లో ఉండదు, విమానం బరువు, గాలిని బట్టి మారుతుంది. అయినా తెర మీద గీత గీయాల్సిందే. ఈ ఒక్కదాన్ని చక్కగా చేసిన యాడ్-ఆన్‌ని చూస్తే ఆ మనిషి పని తెలిసినవాడని చెప్పేయవచ్చు.

నావిగేషన్ డేటా ప్రతి 28 రోజులకీ మారుతుంది. ఎవరి డేటానో కాపీకొట్టి ప్యాకేజీలో పెట్టకండి. సిమ్ ఇచ్చే డేటా వాడండి, లేదా డేటా అమ్మే సంస్థతో ఒప్పందం చేసుకోండి.

రూపం, శబ్దం

ఇది త్వరగా ముగిస్తాను, దీని మీద పాఠాలు కావలసినన్ని దొరుకుతాయి. బ్లెండర్‌లో మోడల్ చేసి మైక్రోసాఫ్ట్ సిమ్‌కైతే జీఎల్‌టీఎఫ్‌గా, ఎక్స్-ప్లేన్‌కైతే దాని సొంత ఆబ్జెక్ట్ ఫైలుగా పంపుతారు. ప్యానెళ్ల మీద అక్షరాలు మసకబారకూడదు, ఎందుకంటే వాడేవాడి కళ్లు గంటలకొద్దీ ఉండేది అక్కడే. రెక్క చివరి రివెట్ కంటే ఆ అక్షరాలకే టెక్స్‌చర్ మెమరీ ఖర్చుపెట్టండి. పాతబడినట్టు చూపించే మోజులో చాలామంది కాక్‌పిట్‌ని సముద్రంలోంచి తీసినదానిలా చేసేస్తారు. నిజం విమానంలో రంగు అరిగేది చేతులు పడే చోటే: థ్రస్ట్ లివర్ల అంచులు, ఎక్కువగా వాడే నాబ్‌ల చుట్టూ, నేల మీద బూట్లు ఆనే చోట.

శబ్దాలకి మైక్రోసాఫ్ట్ సిమ్ వైజ్, ఎక్స్-ప్లేన్ ఎఫ్‌మాడ్ అనే ఉపకరణాలు వాడతాయి. శబ్దాన్ని స్విచ్‌కి కాకుండా వ్యవస్థ విలువకి కట్టండి. ఫ్యాన్ హోరు ఎన్1కి, కూత ఎన్2కి, పీటీయూ మొరుగుడు పీటీయూ తిరిగే వేగానికి.

తెరలు మాత్రం ఫ్రేము రేటు తినేస్తాయి. ప్రతి ఫ్రేములో అన్ని తెరలూ మళ్లీ గీయకండి. హొరైజన్ నున్నగా కదలాలి, సరే. తలుపుల పేజీ సెకనుకి రెండుసార్లు మారితే ఎవరూ గమనించరు.

పరీక్షించేవాళ్లు

మూడు రకాలవాళ్లు కావాలి. నిజమైన పైలట్ ఒకరు. ప్రతి స్క్రూ లెక్కపెట్టే పిచ్చి అభిమాని ఒకరు. మూడోది, మాన్యువల్ తెరవకుండా అన్నీ నొక్కేసే మనిషి. మీ కొనుగోలుదారుల్లో ఎక్కువమంది ఆ మూడోవాడే కాబట్టి అతన్ని చిన్నచూపు చూడకండి.

పరీక్షల జాబితాలో ఒకటి తప్పక రాసుకోండి: రెండో ప్రయాణం. అందరూ విమానాన్ని చల్లగా ఉన్న స్థితి నుంచి లేపి, ఎగిరి, దిగి, "బాగుంది" అని సిమ్ మూసేస్తారు. నిజం విమానం దిగాక నలభై నిమిషాల్లో మళ్లీ లేస్తుంది. దిగాక ఎఫ్ఎంఎస్ తన దశని మళ్లీ మొదటికి తెచ్చుకుందా? పాత మార్గం చెరిగిందా? ప్రెషరైజేషన్ కొత్త గమ్యం ఎత్తు తీసుకుందా? ఆరిన హెచ్చరికలు నిజంగా ఆరాయా? నేను విడుదల చేసిన మొదటి వెర్షన్‌కి వచ్చిన ఫిర్యాదుల్లో సగం రెండో ప్రయాణంలోనివే.

ప్యాకేజీ, హక్కులు

మైక్రోసాఫ్ట్ సిమ్‌లో యాడ్-ఆన్ ఒక ఫోల్డరుగా కమ్యూనిటీ ఫోల్డరులోకి వెళ్తుంది. లోపల మానిఫెస్ట్ అనే జేసన్ ఫైలు ఉంటుంది, ఇది పేరు, వెర్షన్ చెప్పేది. లేఅవుట్ అనే ఇంకో జేసన్ ఫైలులో ప్రతి ఫైలు దారి, సైజు నమోదై ఉంటాయి. కొత్త టెక్స్‌చర్ వేసి లేఅవుట్‌ని మళ్లీ తయారుచేయడం మర్చిపోతే సిమ్ ఆ ఫైలు ఉన్నట్టే గుర్తించదు, ఏ హెచ్చరికా ఇవ్వదు. అర్ధరాత్రి రెండింటికి "ఈ లైటు ఎందుకు వెలగట్లేదు" అని జుట్టు పీక్కునే ముందు ఆ ఫైలు చూడండి. ఇంకా మంచిది, ప్యాకేజీ కట్టడాన్ని ఒక స్క్రిప్టుకి అప్పగించేయండి.

వేరేవాళ్ల జీపీఎల్ (ఒక రకం తెరిచిన కోడ్ లైసెన్సు) కోడ్ వాడి విడుదల చేస్తే మీ కోడ్ కూడా అదే షరతుతో తెరవాలి. డబ్బుకి అమ్మాలనుకుంటే ఈ సంగతి మొదటి రోజే తేల్చుకోండి, చివరి రోజు కాదు. త్రీడీ దుకాణాల్లో కొన్న మోడల్‌ని ఆటలో పెట్టి మళ్లీ అమ్మే హక్కు దాని లైసెన్సులో ఉందో లేదో చదవండి. తయారీదారుల పేర్లు, ఎయిర్‌లైన్ల లోగోలు ట్రేడ్‌మార్క్‌లు. అనుమతి లేకపోతే అమ్మే పెట్టెలో వాటిని వాడకుండా, తెల్లరంగు విమానమో, మీరు ఊహించిన ఎయిర్‌లైనో ఇవ్వండి. "నిజ విమాన శిక్షణకి కాదు" అన్న వాక్యం మాన్యువల్ మొదటి పేజీలోనే ఉండాలి.

దొంగ కాపీల గురించి ఒక హెచ్చరిక. 2018లో పేరున్న ఒక యాడ్-ఆన్ సంస్థ, దొంగ సీరియల్ నంబర్లు వాడేవాళ్లని పట్టుకోవడానికని, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు లాగే ప్రోగ్రామ్‌ని తన ఇన్‌స్టాలర్‌లోనే పెట్టింది. అది బయటపడ్డాక ఎంత రచ్చ అయిందో ఈ రంగంలో ఉన్న ఎవరినడిగినా చెబుతారు. మామూలు యాక్టివేషన్ చాలు. ఇన్‌స్టాలర్‌కి డిజిటల్ సంతకం చేయించండి, లేకపోతే విండోస్ దాన్ని అనుమానంగా చూపించి కొన్నవాళ్లని భయపెడుతుంది.

విడుదల రోజూ, ఆ తర్వాతా

తేదీ ముందుగా ప్రకటించకండి. ప్రకటించిన తేదీ తప్పడం కంటే, తప్పకూడదని సగం ఉడికింది వడ్డించడం ఇంకా చేటు. అమ్మకం పేజీలో ఏమేం ఉన్నాయో ఎంత పొడుగ్గా రాస్తారో, ఏమేం లేవో అంత స్పష్టంగా రాయండి: "వాతావరణ రాడార్ లేదు. సర్క్యూట్ బ్రేకర్లు బొమ్మలే. 23 లెగ్‌లలో 19 పనిచేస్తాయి." ఇలా రాస్తే అమ్మకాలు పడిపోతాయని భయపడ్డాను. డబ్బు వెనక్కి అడిగేవాళ్లు తగ్గారు, అంతే.

మొదటి మూడు రోజులు వేరే పని పెట్టుకోకండి. ఫిర్యాదు ఫారంలో అయిదు గళ్లు తప్పనిసరి చేయండి: యాడ్-ఆన్ వెర్షన్, సిమ్ వెర్షన్, ఏం చేశారు, ఏం జరిగింది, లాగ్ ఫైలు. మిగతా యాడ్-ఆన్‌లన్నీ తీసేసి చూశారా అన్న ప్రశ్న కూడా పెట్టండి. సగం "బగ్‌లు" అక్కడే రాలిపోతాయి. ఒకే రోజు వచ్చిన పది ఫిర్యాదులకి పది అప్‌డేట్లు ఇవ్వకండి. సిమ్‌ని మూసేసేవీ, ప్రయాణాన్ని మధ్యలో ఆపేసేవీ వెంటనే సరిచేసి, మిగతావి వారానికొకసారి మూటగట్టండి. ఏం మారిందో మనుషులకి అర్థమయ్యేలా రాయండి. "హైడ్రాలిక్స్‌లో మెరుగుదలలు" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. "యెల్లో ఎలక్ట్రిక్ పంపు ఆన్‌లో ఉండగా పీటీయూ ఆగకుండా మొరుగుతోంది, సరిచేశాం" అని రాయండి.

సిమ్ తయారీదారు ఏదో ఒక మంగళవారం అప్‌డేట్ ఇస్తాడు, మీరు ముట్టుకోని ఫ్లాప్స్ ఆ సాయంత్రం నుంచి పనిచేయవు. జనం మిమ్మల్నే తిడతారు. వాళ్ల బీటా వెర్షన్లలో ముందే చేరి ఉంటే రెండు వారాల ముందు తెలుస్తుంది. మీ పాత వెర్షన్ ఇన్‌స్టాలర్లని మాత్రం తీసేయకండి. శుక్రవారం రాత్రి మీ కొత్త అప్‌డేట్ ఎవరి ఆటోపైలట్‌నో చెడగొడితే, సోమవారం మీరు సరిచేసేదాకా వాళ్లు నిన్నటి వెర్షన్‌తో ఎగరగలగాలి.